నైరుతిలో బరువు

నాచారంలో రాఘవేంద్ర ఇంటి సెల్లార్. గురువారం మధ్యాహ్నం, పొద్దుటి వాన అప్పుడే వెలిసింది. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా రిటైరయ్యాక రాఘవేంద్ర వాస్తు నేర్చుకున్నాడు. కాలనీలో ఎవరింటికి వెళ్లినా చెప్పులు విడవకముందే దోషం కనిపెట్టేస్తాడు. తన సెల్లార్ ఉత్తరం గోడ మాత్రం పదేళ్లుగా ఏడుస్తూనే ఉంది, దానికి ఆయన చేసే శాంతి దసరాకో రంగు. ఈసారి భార్య కమలకుమారి ఆయన్ని అడక్కుండానే కొమురెల్లి అనే మేస్త్రిని పిలిపించింది.

"అక్కడ కొట్టకు మేస్త్రీ. అక్కడ బాగానే ఉంది."

"బాగుంటె నేనెందుకు కొడత సార్. జర పక్కకు జరుగున్రి, పెచ్చులు మీద వడ్తయ్."

"నా మాట విను. కింద మూరెడు మేర గీకి, లప్పం పెట్టి, రంగు వేసి వెళ్లు. దానికి సుత్తెందుకు, ఉలెందుకు?"

"పోయినేడు లప్పం ఎవలు పెట్టిన్రు సార్?"

"ఎవరో రంగుల మనిషి. లాలాపేట నుంచి వచ్చాడు."

"అంతకు ముందేడు?"

"అతనే. అనుకుంటా."

"ఒకదాని మీదొకటి నాలుగు రంగులు తేలినయ్. గంధం, ఆకుపచ్చ, మల్ల గంధం, ఇప్పుడు గీ నీలం. గోడకు జరమొస్తె మందియ్యకుంట, ఏటా కొత్తంగీ తొడుగుతున్నరు మీరు."

"నవ్వకు కమలా."

"నవ్వు కాదండీ, దగ్గు. కొమురెల్లీ, నువ్వు కొట్టు నాయనా. నాగారంలో మా చెల్లెలు తారామణి వాళ్ల సెల్లార్ బాగుచేసింది నువ్వేగా. అక్కడేం చేశావో ఇక్కడా అదే చెయ్యి."

"గాడ పైపు పలిగిందమ్మా. పైపు మార్చినం, అయిపాయె. ఈడ కథ వేరే ఉన్నట్టుంది."

"ఏ కథా లేదు. వానాకాలం, సెల్లార్, చెమ్మ. హైదరాబాదులో ఎవరి సెల్లార్‌లో లేదు చెమ్మ?"

"ఉంటే ఉండనివ్వండి. డాక్టరుగారు నాతో ఏమన్నారో మీరూ విన్నారు. మందులు తర్వాతమ్మా, ముందు ఇంట్లో ఆ బూజు వాసన వదిలించుకోండి అన్నారు. రెండు వానాకాలాల నుంచి దిండుకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను."

"అందుకేగా రంగు వేయిద్దామంటున్నాను."

"రంగుకి దగ్గు తగ్గదండీ."

"అమ్మా, ఒక స్టీలు గిలాస ఉంటె ఇయ్యున్రి. పనికిరానిదే."

"మంచినీళ్లకా?"

"గోడకు పెట్టనీకి."

"గోడకు గ్లాసేమిటయ్యా. కమలా, నువ్వు పైకి వెళ్లి టీ పెట్టు. నేనూ మేస్త్రీ మాట్లాడుకుంటాం."

"ఇప్పుడేగా టీ తాగింది. ఇదిగో కొమురెల్లీ, మొక్కలకు నీళ్లు పోసే గ్లాసు. సరిపోతుందా?"

"సాలు. గీ ధార కింద ఇటుకకు ఆనిచ్చి పెట్టున్రి. సూసిన్రా, ఉత్త చెమ్మ అయితె చెమట లెక్క పడ్తది. ఇట్ల కారదు. నిండనియ్యున్రి. అందాక మీరు గీ టేపు కొస వట్టున్రి సార్."

"టేపు దేనికి?"

"కొల్వనీకి."

"వచ్చీ రాగానే కొలిచావుగా."

"అది పైన. మెట్ల గోడ కాడి నుంచి కాంపౌండ్ గోడ దాంక కొల్సిన. ఇప్పుడు కింద కొలుస్త, గదే మెట్ల గోడ నుంచి గీ గోడ దాంక."

"అక్కర్లేదు. పైన ఎంతో కిందా అంతే."

"అంతేనా సార్?"

"అంతే. ఏమిటా చూపు?"

"ఏం లే. అమ్మా, మీరు వట్టున్రి."

"ఇలా ఇవ్వు. ఇదిగో, మెట్టు మొదట్లో పెట్టాను. లాగు."

"పన్నెండున్నర ఫీట్లు."

"పైన ఎంతొచ్చింది?"

"పదకొండు."

"పైన పదకొండు, కింద పన్నెండున్నరా? అదెలాగండీ?"

"టేపు పాతదై ఉంటుంది. సాగి ఉంటుంది."

"ఇనుప టేపు సార్."

"అయితే పైన నువ్వే తప్పు కొలిచి ఉంటావు."

"అయ్యుండచ్చు. రెండుసార్లు కొల్సిన, రెండుసార్లు తప్పినట్టున్న. అమ్మా, గిలాస నిండింది. గా మెట్టు మీద పెట్టి, జరసేపు కదపకున్రి. ఇప్పుడు ఇద్దరు ఇనున్రి. ఈడ కొడుతున్న."

"గట్టిగానే ఉంది."

"ఈడ?"

"గట్టిగానే ఉందయ్యా. చెప్తూనే ఉన్నాను."

"ఇప్పుడు గీ మూలకు."

"అదేంటి కొమురెల్లీ, అలా మోగింది? కుండ మీద కొట్టినట్టు?"

"డొల్ల అమ్మా."

"ప్లాస్టరింగ్ గోడని వదిలేసి ఉంటుంది. దానికే అలా మోగుతుంది."

"గిలాబు నేనిందాకనే రాలగొట్టిన సార్. ఇది ఉత్త ఇటుక. ఇటుక ఎనక మట్టి లేదు. నమ్మకుంటె గీ ఇనుప సువ్వ సూడున్రి, మూడు ఫీట్లది. ఇటుకల నడుమ పెడుతున్న."

"వెళ్లిపోతోందే."

"పోతనే ఉంది. మట్టి తగిల్తె ఆగాలె."

"తియ్యి. ముందు దాన్ని బయటికి తియ్యి."

"తీస్తున్న సార్, గాబరా ఎందుకు. మొత్తం పోయింది. కొసకు ఏందో తట్టుకొచ్చింది, సూడున్రి. సిమెంటు సంచి ముక్క. గోడ కట్టినంక ఎనక ఏం పోసి నింపిన్రు?"

"ఏం పోస్తారు. మట్టే."

"మొరం పోసి, నీళ్లు వట్టి, దిమ్మిస కొట్టిన్రా?"

"అప్పటి మేస్త్రి చూసుకున్నాడు. నేను డ్యూటీలో ఉన్నాను."

"దిమ్మిస కొట్టలే సార్. మల్బా పోసిన్రు. ఇరిగిన ఇటుకలు, చెక్క ముక్కలు, సంచులు, ఇల్లు కట్టినంక ఏం మిగిల్తె అది. చెక్క మురిగిపాయె, సంచులు నలిగిపాయె. నీళ్లకు తొవ్వ దొరికింది."

"మా ఇల్లు పడిపోతుందా కొమురెల్లీ? ఉన్నది చెప్పు."

"మీ ఇంటికేం గాదమ్మా. పిల్లర్లు మంచిగున్నయి, సూసిన. మీరు ఫికర్ జెయ్యకున్రి."

"హమ్మయ్య. విన్నావా కమలా. ఇల్లు లక్షణంగా ఉందట. ఇక లప్పం పెట్టెయ్ మేస్త్రీ."

"గిలాస తెచ్చి సూపియ్యున్రి అమ్మా."

"ఇదిగో. పైన తేటగా ఉంది. అడుగున ఎర్రగా చేరింది."

"మొరం, నేలల ఉండే ఎర్ర మన్ను. నీళ్లొక్కటే వస్తె దానికి మందుంది, మస్తు రకాల మందులున్నయి. ఈడ నీళ్లు వస్తలేవు, నీళ్ల ఎంట మన్ను వస్తుంది. ఎన్నేండ్ల నుంచి కారుతుందన్నరు?"

"పదేళ్లు. ఎక్కువే ఉంటుంది. వానాకాలమంతా మా పనిమనిషి రాణి రోజూ ఎర్రనీళ్లు బకెట్లోకి ఎత్తి రోడ్డు మీద పోసేది. అది సున్నమనీ ఇటుక రంగనీ చెప్పేవారు ఈయన."

"ఇటుక గాదు. రోజుకు చారెడు మన్ను, పదేండ్లు. గది ఎవలి మన్ను అమ్మా?"

"ఎవరిదేమిటయ్యా ప్రశ్న. నేలలో మట్టి ఎవరిదవుతుంది. భూమాతది."

"గట్లయితె కాంపౌండ్ గోడ ఎందుకు కట్టుకుంటం సార్? గీ గోడ అవతల ఎవలుంటరు?"

"ఎవరూ లేరు."

"అదేం మాటండీ. మల్లవ్వ ఉందిగా."

"ఉంది. ఉందనుకో. ఆవిడకీ దీనికీ ఏం సంబంధం?"

"ఒక్కతే ఉంటదా అమ్మా?"

"ఒక్కతే. వాళ్లాయన హన్మయ్యా ఈయనా ఒకటే ఫ్యాక్టరీ. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం కొనుక్కున్నాం ఈ జాగాలు. వాళ్లది అరవై గజాలు, మాది నూటయాభై. హన్మయ్య పోయి మూడేళ్లు దాటింది. ఆవిడ ఉప్పల్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేస్తుంది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది."

"ఆ ఇంటికి పిల్లర్లున్నయా?"

"లేవు. రాతి పునాది మీద గోడలు, పైన స్లాబు. ఆ రోజుల్లో వాళ్లకి అదే గొప్ప."

"కాంపౌండ్‌కు, వాళ్లింటి గోడకు నడుమ ఎంత జాగ ఇడ్సిన్రు?"

"రెండడుగుల సందు. తులసికుండీ పెట్టిందే, అక్కడ."

"రెండడుగులు. అంటే సార్, అండ్ల అడుగున్నర మీ సెల్లార్ తిన్నది. ఆమెకు మిగిల్నది జానెడు. సువ్వ మూడు ఫీట్లు. జానెడు దాటింది, పునాది కిందికెల్లి పోయింది, ఆమె ఇంట్ల అర్ర కింద తేలింది. ఇంకా మట్టి తగల్లే."

"నువ్వు మేస్త్రివా, సర్వేయర్‌వా?"

"మేస్త్రినే సార్. మీరు పిలిస్తె వచ్చిన."

"నేను పిలవలేదు."

"నేను పిలిచాను. ఏవండీ, ఒకమాటడుగుతాను. మల్లవ్వ ఇంట్లో పగులు."

"అది వేరు, ఇది వేరు."

"ఏం పగులు అమ్మా?"

"గోడకి, పై నుంచి కింద దాకా. హన్మయ్య ఉన్నప్పుడే మొదలైంది, వెంట్రుకంత. ఇప్పుడు నా చూపుడువేలు దూరుతుంది. గచ్చు కూడా కుంగింది, నీళ్లు పోస్తే అటే పరిగెత్తుతున్నాయి."

"ఏ మూలకు?"

"మేస్త్రీ, అది వాస్తు పగులు. నేను స్వయంగా చూశాను."

"వాస్తు పగులు ఎట్లుంటది సార్?"

"నైరుతి తేలికైతే గోడ విచ్చుతుంది. నైరుతి ఎప్పుడూ బరువుగా ఉండాలి. పుస్తకాల్లో ఉంది."

"నైరుతి. ఆగండి. ఇది మన ఉత్తరం గోడ, పడమటి కొస. మన వాయవ్యం. దీనికి అవతల, వాళ్ల ఇంటికి..."

"కమలా, నువ్వు పైకి వెళ్లు. నీకిక్కడ దగ్గు ఎక్కువవుతుంది."

"వాళ్లకి నైరుతి. ఇదే మూల. ఈ గోడ వెనకే."

"దిక్కులు నాకు నేర్పకు."

"మీరు నేర్పినవేనండీ. ఆ మూలలో బరువు పెట్టమని ఆవిడకు చెప్పింది మీరు."

"అమ్మా, ఒక్క నిమిషం. గా మూలల ఇప్పుడేముంది?"

"ఖాళీ. ఏదో పాత సామాను."

"ఖాళీ ఏమిటండీ, దగ్గరుండి సర్దించారు. ఇనప బీరువా. రెండు బియ్యం బస్తాలు. ఇసుర్రాయి ఉంటే అది కూడా దొర్లించుకొచ్చింది పాపం, ఒక్కతే. మొన్న తొలి ఏకాదశికి మంచం."

"మంచమా? ఎవలి మంచం?"

"ఆవిడదే. ఇంటి యజమాని నైరుతిలో పడుకోవాలి, తల దక్షిణం గోడకి పెట్టాలి అన్నారు. ఆ గోడకే పగులుంది కొమురెల్లీ. పడమటి వైపు తలుపొకటి ఉంటే నైరుతి ద్వారం ఉండకూడదని అది కూడా మూయించారు."

"అన్నీ నా నెత్తిన వేస్తావేం. ఆవిడ అడిగింది, నేను చెప్పాను. నేనేమన్నా వెళ్లి బలవంతం చేశానా?"

"హన్మయ్య పోయింది కూడా ఆ దోషం వల్లేనని చెప్పారు."

"నేనలా అనలేదు."

"అన్నారు. సంవత్సరీకం రోజున, విస్తరి ముందు కూర్చుని."

"అయి ఉండొచ్చు అన్నాను. అయి ఉండొచ్చు అనడం వేరు."

"సార్, జగడం తర్వాత ఆడుకోన్రి. నేనొకటి అడుగుత. సెల్లార్ తవ్విన నాడు మీకు ఎరికేనా?"

"ఏది ఎరుక?"

"అడుగున్నర అవతలికి పోయింది ఎరికేనా?"

"చెప్పండి. నేనూ వింటాను. పదమూడేళ్లుగా ఈ ఇంట్లో దీపం పెడుతున్నాను, నాకు కూడా తెలియదు."

"జేసీబీ వాడు ఎక్కువ తీసేశాడు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికే తీసేశాడు. సాయంత్రమైంది, వాన పడేట్టుంది. పూడ్చమంటే మళ్లీ మట్టి తేవాలి, రెండు రోజులు ఆగాలి, మర్నాడు పిల్లర్లకు ముహూర్తం. ముహూర్తం తప్పితే మళ్లీ మూఢం. అడుగున్నరే కదా అన్నాడు మేస్త్రి. నేనూ అడుగున్నరే కదా అనుకున్నాను."

"హన్మయ్యకి చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నాను. గృహప్రవేశం రోజు పక్కకి పిలిచి చెబుదామని అనుకున్నాను. ఆ రోజు అతను చేసిందేమిటి? నీకు చీర, నాకు పంచె పట్టుకుని వచ్చాడు. మా సారు ఇల్లు కట్టిండని గేటు దగ్గర అందరికీ చెప్తున్నాడు. అప్పుడు నేనెలా చెప్తాను కమలా, నీ నేల కిందికి వచ్చానని?"

"తర్వాత చెప్పొచ్చుగా."

"తర్వాత చెప్పే రోజు దాటిపోయింది. ఒక్కోదానికి ఒక రోజుంటుంది. అది దాటితే ఇక నోరు రాదు."

"పగులు వచ్చినప్పుడు?"

"హన్మయ్య పోయాక నెలకి మల్లవ్వ వచ్చి, అన్నా, గోడ జర సూస్తవా అని తీసుకెళ్లింది. అది ఏ గోడో నాకు తెలుసు కదా. ఆవిడ నా మొహం చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి. నైరుతి అని వచ్చింది నోట్లోంచి. అంతే. అన్నాక, నిజంగా అదేనేమో అనిపించింది. ఒట్టు కమలా, నిజంగానే అనిపించింది. పుస్తకంలో కూడా ఉంది మరి."

"ఉంటుంది లెండి. మనకి కావలసినవన్నీ పుస్తకాల్లో ఉంటాయి."

"సార్, ఇటు సూడున్రి. ఇందాక ధార సన్నగుండె. నేను సుత్తి కింద పెట్టిన, అయిన పెద్దగైతుంది. పొద్దటి వాన నీళ్లు ఇప్పుడు దిగుతున్నయి. మన్ను మస్తు వస్తుంది."

"ఆపు. ఏదైనా పెట్టి ఆపు."

"ఈడికెల్లి ఆపేది కాదు. ఈడ మూస్తె ఇంకో కాడ తొవ్వ జేసుకుంటది. నేను పోయి కట్టెలు, జాకీలు తెస్త, నా మనుషులను పిలుస్త. అవతల అర్రల నుంచి బరువు దియ్యాలె, పునాదికి ఊతమియ్యాలె, తర్వాత డొల్ల నింపాలె. చేస్తం. కాని ముందుగాల్ల ఆమెను బయటికి దియ్యున్రి."

"తీద్దాం. తీద్దాం. టైమెంత?"

"రెండు కావస్తోంది."

"ఇవాళ గురువారం. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. మూడు దాటగానే నేనే వెళ్లి..."

"ఏవండీ, మల్లవ్వ రెండింటికి నడుం వాలుస్తుంది. రోజూ."

"గంటే కదా కమలా. మూడేళ్లు నిలిచింది, గంట నిలవదా?"

"గోడకు మీ రాహుకాలం ఎరుకుంటదా సార్?"

"నీకు తెలియదు మేస్త్రీ. ఇలాంటి మాట చెడ్డ ఘడియలో ఎత్తితే ఇంకా చెడుతుంది. ఆవిడ మొహం చూసి నేను ఏమని... ఏమని మొదలుపెట్టను? నువ్వు వెళ్లి చెప్పకూడదూ? మున్సిపాలిటీ వాళ్లు ఖాళీ చేయమన్నారని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"నేను పోయి ఆమె గేటు కాడ నిలవడ్త సార్. వస్తె చెయ్యి వడ్త. అబద్ధం మాత్రం నాతోని చెప్పియ్యకున్రి. ఇప్పటికే ఒక అబద్ధం మోస్తుంది గా గోడ. నేను పోతున్న."

"మేస్త్రీ, ఆగు. కమలా, ఏం చేస్తున్నావు?"

"ఫోన్ చేస్తున్నాను."

"ఏమని చెప్తావు?"

"బయటికి రమ్మంటాను. ఎందుకో మీరు చెప్పండి. మోగుతోంది. స్పీకర్‌లో పెట్టాను."

"చెప్పు వదినా. ఇప్పుడే జర ఒరిగిన."

"మల్లవ్వా, పడుకున్నావా? ఎక్కడ పడుకున్నావు?"

"ఎక్కడేంది వదినా, అన్న చెప్పిన మూలకే. అన్న ఉన్నడా? నేనే ఫోన్ చేద్దామనుకుంటున్న. పొద్దటి నుంచి బీరువ తలుపు దానంతట అదే తెర్సుకుంటుంది. మూస్త, మల్ల తెర్సుకుంటది. ముందుకు ఒంగినట్టున్నది. బరువు సాల్తలేదో ఏందో. ఇంకో బస్త బియ్యం దెచ్చి పెట్టాల్నా, జర అన్నను అడుగు."

"విన్నారా? అడుగుతోంది. చెప్పండి."

"ఇవ్వు. ఫోన్ నాకివ్వు."

"రాహుకాలం అన్నారు."

"ఇవ్వమన్నాను కమలా. చెల్లెమ్మా."

"ఆ, అన్నా."

"లే. లేచి బయటికి రా."

"ఏమైందన్నా? వదినకు దగ్గెక్కువైందా?"

"మీ వదిన బాగానే ఉంది. నువ్వు లే. బీరువా వైపు వెళ్లకు. దగ్గర్లో ఉన్న తలుపులోంచి రా, పడమటి తలుపులోంచి."

"పడమటి తలుపు నువ్వే మూపిచ్చినవ్ గదన్నా. ఇటుకలు పెట్టి."

"అవును. అవును, నేనే. అయితే ముందు తలుపు. నిదానంగా రా, అడుగులు గట్టిగా వెయ్యకు."

"చెప్పులేసుకొని..."

"చెప్పులొద్దు."

"మా ఆయన ఫోటకు దీపం పెట్టిన, జర కొండెక్కిచ్చి వస్త."

"దీపమూ వద్దు, ఏమీ వద్దు. నువ్వు రా తల్లీ."

"సరే అన్నా, లేస్తున్న."

"నడుస్తున్నావా?"

"నడుస్తున్న."

"ఎక్కడి దాకా వచ్చావు?"

"వంటింటి కాడ."

"ఆగకు."

"ఆగుతలే. గడప దాటిన. గేటు కాడ ఎవలో మేస్త్రి ఉన్నడు, రమ్మని చెయ్యి ఊపుతున్నడు."

"మన మనిషే. అతని దగ్గర నిలబడు. ఇక లోపలికి వెళ్లకు. ఎవరు చెప్పినా వెళ్లకు, నేను చెప్పినా వెళ్లకు."

"నిలవడ్డ. ఇప్పుడన్న చెప్పు. మల్లేం దోషం కనవడ్డది మా ఇంట్ల?"

"ఏడవకండి. చెప్పండి. నేనిక్కడే ఉన్నాను."

"మీ ఇంట్లో దోషం లేదు చెల్లెమ్మా. ఎప్పుడూ లేదు. నైరుతీ లేదు, ఏమీ లేదు. ఈ సెల్లార్ తవ్వినప్పుడు నేను మీ నేల కిందికి వచ్చాను. అడుగున్నర. వెనక సరిగ్గా నింపించలేదు. మీ గోడ కింది మట్టి ఇన్నేళ్లుగా నా సెల్లార్‌లోకి కారుతోంది. మీ పగులు దానిది. హన్మయ్యకీ దానికీ ఏ సంబంధం లేదు. నాకు తెలుసు. పగులు చూసిన రోజే తెలుసు. తెలిసే నీకు వాస్తు చెప్పాను, తెలిసే నీ మంచం అక్కడ వేయించాను. వింటున్నావా?"

"ఇంటున్న."

"ఏదో ఒకటి అను. తిట్టు."

"అడుగున్నర సంగతి మాకెరికే అన్నా. గోడ లేపిన నాడే మా ఆయన తాడు పెట్టి కొల్సిండు. సారు మన నేల కిందికి వచ్చిండే, పోనీ, మంచోడు, రేపు ఏమన్నయితె ఆయనే జెప్తడు, నువ్వు నోరు తెరువకు అన్నడు. అందుకే పగులు పెద్దగైనప్పుడు ఏ మేస్త్రిని పిలువలే, ముందుగాల్ల నీ కాడికే వచ్చిన. నువ్వు గోడ ముచ్చటే తియ్యకపోతివి. గోడదే అయితె అన్న చెప్పకుంట ఉంటడా అనుకొని, మా ఆయనను మింగింది ఇల్లే అని ఇన్నేండ్లు దాన్నే తిట్టుకుంట పండుకున్న."